కామాక్షయ్య కొలిచి తెచ్చిన బంతి

నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నా మాట వినని వాళ్ళను వందలమందిని చూశాను. వాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. నాలుగు చీవాట్లు పెట్టి, గేదెకు సూది వేసి, నా దారిన నేను వచ్చేస్తాను. నా ప్రాణం తోడేసింది మాత్రం నా మాటను చెప్పింది చెప్పినట్టు విన్న ఒకే ఒక్క మనిషి. ఆయన పేరు కామాక్షయ్య. ఊరు దొరువులపాళెం. ఏడాది పాటు ఆయన కుక్కకు ఆడుకునే బంతి ఏది మంచిదో చెప్పలేక నేను పడిన పాట్లు ఇంకెవరూ పడకూడదు.

నేను అక్కడి పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. డాక్టరు గారు వారానికి రెండు రోజులు వస్తారు. మిగతా రోజులు అన్నిటికీ నేనే కాబట్టి ఊళ్ళో నన్నే డాక్టరమ్మ అంటారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. నేను పుట్టింది నాయుడుపేట అవతల వరి పండించుకునే ఇంట్లో. గేదెలూ ఎద్దులూ గొర్రెలూ నాకు తెలుసు. సముద్రం ఒడ్డుకు బదిలీ అయినప్పుడు, అక్కడ బంతుల మీద కూడా సలహాలు ఇవ్వాల్సి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

కామాక్షయ్యకు అరవై మూడేళ్ళు. పొడుగ్గా, ఎండకు కమిలిపోయి ఉంటాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద వేట చేశాడు. ఆరేళ్ళ కిందట పడవ ఒడ్డుకు వస్తుండగా అల అడ్డం తిప్పి కొట్టింది. పడవ అంచుకూ ఇసుకకూ మధ్య ఆయన కుడి మోకాలు నలిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. నడుస్తాడు గానీ ఆ కాలు పూర్తిగా వంగదు. పడవ వాళ్ళు మంచివాళ్ళే. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తే చాలు, పట్టిన చేపల్లో నీ పాలు నీకు ఇస్తామన్నారు. "కూసున్నోడికి పాలేంది?" అని ఈయన ఒప్పుకోలేదు. ఊరి వెనక ఉప్పుటేటిలో సొంతంగా చిన్న వల వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వల ఎలా వేస్తాడో కాస్త చెప్పాలి. ఏరు అక్కడ ముప్పై బారల వెడల్పు. ఆటుకు నీళ్ళు తీసినప్పుడు నడుము లోతే, కానీ అడుగున బురద. మంచి కాళ్ళున్నవాడు వల కొస పట్టుకుని అవతలికి నడిచిపోయి అక్కడి గుంజకు కట్టి వస్తాడు. కామాక్షయ్య కాలు ఆ బురదలో దిగితే రోజూ బయటికి లాగడానికి ఇంకో మనిషి కావాలి. అందుకని వల కొసకు సన్నటి పొడుగాటి తాడు కట్టి, ఆ తాడు చివరి ముడిని కర్రి నోటికి ఇచ్చేవాడు.

కర్రి ఆయన కుక్క. నల్లటి ఊరకుక్కే, ఏ జాతీ కాదు. ముడి కరుచుకుని ఈదుకుంటూ పోయి, అవతలి గుంజ చుట్టూ తిరిగి, మళ్ళీ ఈదుకుంటూ వచ్చి తాడును ఆయన చేతిలో పెట్టేది. ఈయన ఇవతల నిలబడి తాడు లాగితే వల ఏటికి అడ్డంగా సాగిపోయేది. ఈ పని నేర్పడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. కర్రి లేకపోతే ఆ వల లేదు. వల లేకపోతే కామాక్షయ్య వెళ్ళి పడవ వాళ్ళ దగ్గర కూర్చోవాల్సిందే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

కర్రి ఊరికే పని చేసేది కాదు. తాడు తెచ్చిచ్చాక ఆయన ఏదో ఒకటి పదిసార్లు దూరంగా విసరాలి, అది పదిసార్లు పరిగెత్తి తేవాలి. అదే దాని కూలి. ఎగ్గొడితే మర్నాడు ఏట్లోకి దిగదు. ఈయన విసిరేది వలకు కట్టే బెండు, అంటే వలను నీటి మీద తేల్చే థర్మాకోల్ ముక్క. నా కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

మొదటిసారి కర్రిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు దాని కడుపు బిగుసుకుపోయి ఉంది. మూడు రోజులుగా తిండి లేదు, కక్కుకుంటోంది. డాక్టరు గారు సెలైన్ పెట్టించి మందులు రాశారు. రెండో రోజుకి విరేచనంలో తెల్లటి ముక్కలు పడటం మొదలైంది. బెండును కొరికి కొరికి సగం తినేసింది. నేను కామాక్షయ్యను నిలబెట్టి కడిగేశాను.

"బెండ్లు తినే వస్తువా అన్నా? కడుపులో అడ్డం పడితే కోసి తియ్యాల. ఇంగ దానికి బెండు ఇయ్యబాకు. పిల్లకాయలు ఆడుకునే బంతి ఒకటి కొను."

"అట్టనేనమ్మా," అన్నాడు, చేతులు కట్టుకుని.

బంతి కొన్నాడు. ఊళ్ళో టైటస్ కొట్టులో పిల్లలు క్రికెట్ ఆడుకునే టెన్నిస్ బంతులు దొరుకుతాయి. అది కొన్నాడు. తొమ్మిది నెలల తరువాత గేదెల గాలికుంటు టీకాలకు ఆ వీధికి వెళ్ళినప్పుడు, కర్రి నన్ను చూసి నోరు తెరిచింది. ముందు పళ్ళన్నీ అరిగిపోయి మొద్దుబారి ఉన్నాయి. ఆ బంతి మీద నూగులో ఇసుక పట్టి, ఉప్పునీళ్ళలో నాని, ఉప్పుకాగితంలా తయారైంది. రోజూ దాన్ని నమిలితే పళ్ళు ఏమవుతాయి?

"నువ్వు జెప్పిన బంతే గదమ్మా," అన్నాడు.

నిజమే, బంతి అన్నాను. నూగు సంగతి చెప్పలేదు. ఈసారి నూగు లేనిది, నున్నగా ఉండేది చూడమన్నాను. నెల తిరక్కుండా కర్రి కోరపన్ను చిట్లింది. మరబోటు వలకు కట్టే గట్టి ప్లాస్టిక్ గుండు ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తే, నున్నగా ఉందని ఏరుకొచ్చాడట. తలకు తగిలితే మనిషి పడిపోతాడు, అలాంటి గుండు.

"అన్నా, అది బంతా? రాయి! గోరు పెట్టి నొక్కితే గోరు దిగాల. అట్టాటిదయితేనే పళ్ళకు మంచిది."

"గోరు దిగాల," అని ఆయన తనలో తాను అనుకున్నాడు, మంత్రం నేర్చుకుంటున్నట్టు. మరుసటి వారం స్పాంజి బంతి తెచ్చాడు. గోరేమిటి, వేలు మొత్తం దిగింది. కర్రి దాన్ని ఒక్క పూటలో తినేసింది. మళ్ళీ కడుపు, మళ్ళీ మందులు, మళ్ళీ ముక్కలు, ఈసారి తెల్లవి కాదు, పచ్చవి.

మీరే చెప్పండి, ఇలాంటి మనిషిని ఏమనాలి? ఎదురు చెబితే పోట్లాడొచ్చు. తాగి వస్తే తిట్టొచ్చు. ఈయన చేతులు కట్టుకుని, తల వంచుకుని, ప్రతి మాటా విని, ఆ మాటను మాత్రమే చేస్తాడు. పక్క మాట చెయ్యడు. పేరమ్మక్కతో మొత్తుకున్నాను. పేరమ్మక్క ఆయన భార్య, చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. నా బాధ విని నవ్వింది.

"నా పెళ్ళికి ముందర గాజులు తెమ్మని మా నాయన అడిగితే, ఈయన నా మణికట్టు ఏళ్ళతో కొల్చుకోని పోయినాడమ్మా. తెచ్చినాడు. ఎక్కడం ఎక్కినాయి. ఇంగ దిగితేనా! పగలగొట్టిందాకా దిగలా."

పేరమ్మక్క చెప్పింది నేను తమాషాగానే విన్నాను. కామాక్షయ్యకు ప్రతి కొలతా వేళ్ళతోనే. వలలో ఒక్కో రంధ్రాన్ని వాళ్ళు కన్ను అంటారు. ఆ కన్నులో ఎన్ని వేళ్ళు పడతాయో చూసి, ఈ వలకు ఏ చేప పడుతుందో చెప్పేస్తాడు. ఆ లెక్కలో తప్పు రావడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. వయసు పిల్లలు కూడా కొత్త వల కొనే ముందు ఆయనకు చూపిస్తారు.

స్పాంజి బంతి తరువాత నేను ఆయనకు చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆసుపత్రి బయట ఎండలో నిలబడి, స్కూటీ తాళం చేత్తో పట్టుకుని, పోవాల్సిన తొందరలో అరిచాను.

"అది మింగకూడదన్నా! అంతే! గొంతు దాటి లోపలికి పోని బంతి చూసుకో. రబ్బరుది, గట్టిది గాకుండా, కొరికితే ఊడకుండా. ఇంతకు మించి నాకు చెప్పడం రాదు!"

"గొంతు దాటకూడదు. అట్టనేనమ్మా."

ఆ సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని కర్రి నోరు తెరిచి, వేళ్ళు లోపలికి పెట్టి కొలిచాడట. గొంతు దగ్గర మూడు వేళ్ళు పట్టాయి. పాత వలల మూటలో వెతికి మూడు వేళ్ళ కన్ను ఉన్న వల ముక్క జానెడు కత్తిరించుకున్నాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మర్నాడు నాయుడుపేట బస్సెక్కాడు. ఆట వస్తువులు అమ్మే కొట్టులో రబ్బరు బంతుల బుట్ట ముందు కూర్చుని, ఒక్కో బంతినీ ఆ కన్నులో పెట్టి చూశాడు. దూరి కింద పడిపోయింది వద్దన్నాడు. అసలు దూరనిది కూడా వద్దన్నాడు. సగం వరకు దూరి, అక్కడ బిగుసుకుని నిలబడిన ఎర్ర బంతిని కొన్నాడు. కొట్టువాడు ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఈ సంగతులు తరువాత పేరమ్మక్క చెప్పింది. ఆయన ఇంటికి వచ్చి, ఇన్నాళ్ళకు డాక్టరమ్మ మెచ్చుకునే పని చేశానని అన్నాడట.

నాలుగో రోజు పొద్దున నేను పక్క ఊళ్ళో మేకలకు మందు పోస్తున్నాను. పేరమ్మక్క ఫోన్.

"డాక్టరమ్మా, కర్రి సస్తా ఉండాది! బంతి గొంతులో ఇరుక్కునింది! కళ్ళు తేలేస్తా ఉండాది తల్లీ!"

నాలుగు కిలోమీటర్లు, సగం ఇసుక దారి. నేను పోయేసరికి అంతా అయిపోతుందని ఆ క్షణమే తెలిసిపోయింది. ఎప్పుడో శిక్షణలో ఒకసారి చూపించిన పద్ధతి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నా చేతులతో నేను ఎన్నడూ చేసింది కాదు.

"అన్న చెవి కాడ పెట్టు ఫోను! అన్నా, నోట్లో ఏళ్ళు పెట్టబాకు. పెడితే ఇంకా లోపలికి పోతాది. కర్రిని పక్కకు పండబెట్టు. దవడ కింద, గొంతు మీద, బయటినుంచి తడివి చూడు. బంతి చేతికి తగలతా ఉందా?"

"తగలతా ఉండాది."

"దానికి వెనకగా, గుండె వైపు బొటనేళ్ళు రెండూ పెట్టు. పెట్టి ముందుకి తొయ్యి, నోటి వైపుకి. గట్టిగా! అక్కను నోరు తెరిచి పట్టుకోమను!"

తరువాత ఫోనులో మాటలు లేవు. ఆయన ఊపిరి వినిపించింది, పేరమ్మక్క ఏడుపు వినిపించింది. కుక్క చప్పుడు ఏమీ లేదు. నేను మేకల మధ్య నిలబడి ఉన్నాను. ఆ కుక్కను ఏడాదిగా ఎంతగా తిట్టుకున్నానో, దాని కోసం అంతగా దేవుడికి మొక్కుకున్నాను.

"వచ్చినాది," అన్నాడు కామాక్షయ్య.

స్కూటీని ఇసుకలో తోసుకుంటూ, పడుతూ లేస్తూ పోయేసరికి ఆయన ఏటి ఒడ్డున కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కర్రి పక్కనే పడుకుని రొప్పుతోంది. నాలుక రంగు మళ్ళీ మామూలుగా అవుతోంది. నేను గుండె పరీక్ష చేశాను, గొంతు తడిమాను. బతికింది. బతికిందని తెలిశాక నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంత చిన్న బంతి ఎవురు గొనమన్నారన్నా నిన్ను? నోట్లో పట్టేదానికన్నా రెండింతలు పెద్దది గొనాలని తెలియదా? చిన్నబిడ్డకయినా తెలస్తాదే!"

ఆయన జేబులోంచి వల ముక్క తీసి నా ముందు పెట్టాడు. బంతిని అందులో పెట్టి చూపించాడు. సగం దూరి నిలబడింది.

"గొంతు దాటకూడదన్నావు గదమ్మా. సూడు, ఈడ నిలబడిపోతాది. లోపలికి పోదు. మింగలేదు గదా అది."

ఆయన లెక్కలో తప్పు లేదు. మింగకూడదన్నాను, మింగలేదు. గొంతులో నిలబడిపోతే ఊపిరి ఆడదని నేను అనలేదు. అది చెప్పాలని కూడా నాకు తోచలేదు.

ఆయన ఆ వల ముక్కను బంతితో సహా ఎత్తి చూశాడు. తరువాత మెల్లిగా అన్నాడు.

"చేప ఇట్టనే గదమ్మా పోయేది. తల దూరతాది, ఒళ్ళు దూరదు, మెడకాడ బిగిసిపోతాది. నలభై ఏండ్లు సూస్తా ఉండా. కుక్క గొంతుకాడికి వచ్చేతలికి నాకు తోచలా."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను మళ్ళీ తిట్టలేదు.

ఆదివారం నేనే నెల్లూరు పోయి, కుక్కల సామాను అమ్మే కొట్టు వెతికి బంతి కొన్నాను. పెద్దది, రబ్బరుది, గోరు దిగేది, నూగు లేనిది, నీళ్ళలో తేలేది. కర్రి నోటికి అడ్డంగా పట్టేంత పెద్దది, ఎటు తిప్పినా లోపలికి పోదు. సోమవారం నీళ్ళు తీసే వేళకు ఏటి ఒడ్డుకు పోయాను. కామాక్షయ్య వల సిద్ధం చేసుకుని నిలబడి ఉన్నాడు. వారం రోజులుగా వల వెయ్యలేదట.

బంతి విసిరాను. కర్రి చూసింది, లేవలేదు. దగ్గరికి తీసుకుపోయి ముందు పెట్టాను. వాసన చూసి తల అవతలికి తిప్పుకుంది. కామాక్షయ్య తాడు ముడి దాని నోటికి అందించాడు. నోరు తెరవలేదు. పళ్ళు బిగించి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. మళ్ళీ అందించాడు. మళ్ళీ తల తిప్పుకుంది.

"వారంగా ఇదే," అన్నాడు. "దేన్నీ నోట బట్టదు. ఇంగ పడవోళ్ళ కాడికి పోతాలే."

ఆ మాట మామూలుగా అన్నాడు. మామూలుగా అన్నందుకే నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దుఃఖం వస్తే నాకు కోపం కూడా వస్తుంది.

"తే అన్నా ఆ తాడు!" అన్నాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఏట్లో దిగాను.

వరి మళ్ళలో పుట్టినదాన్ని, బురద నాకు కొత్త కాదనుకున్నాను. ఈ బురద వేరు. చెప్పులు మొదటి నాలుగు అడుగుల్లోనే పోయాయి. నడుము దాకా ఉప్పునీళ్ళలో మునిగి, తిట్టుకుంటూ, తాడు లాక్కుంటూ ఎలాగో అవతలికి చేరి గుంజ పట్టుకున్నాను. తాడు గుంజ చుట్టూ తిప్పి లాగడం మొదలుపెట్టాను. వల రెండు బారలు కదిలి, ప్రవాహానికి విల్లులా వంగి పక్కకు పోయింది.

"అట్టా గాదమ్మా, ఏటికి ఎదురు లాగబాకు!" అని ఇవతలి నుంచి కేక వేశాడు.

ఇంకో రకంగా లాగాను. వల ఇంకా వంగింది.

"తాడు వదులు చెయ్యి! వదులు చేసి, మళ్ళా బిగించు!"

వదిలాను. మరీ ఎక్కువ వదిలేశాను, తాడు చివర ఒక్కటే చేతిలో మిగిలింది. వల కొస ప్రవాహంలో కొట్టుకుపోతోంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఇప్పుడు ఈయన అరుస్తాడు అనుకున్నాను, అరిచినా తప్పు లేదు.

ఆయన అరవలేదు. ఇవతలి కొసను గుంజకు కట్టి నీళ్ళలో దిగాడు. వంగని కాలు బురదలో దిగబడితే రెండు చేతులతో తొడ పట్టుకుని పైకి లాక్కుంటూ, ఆగుతూ, మళ్ళీ లాక్కుంటూ వస్తున్నాడు. "వద్దు అన్నా, నేను చేస్తా!" అని నేను కేకలు వేశాను. వినలేదు. మొదటిసారి నా మాట వినలేదు. కర్రి ఆయన పక్కనే ఈదుకుంటూ వచ్చింది, నోట్లో ఏమీ లేకుండా.

రొప్పుతూ వచ్చి నా వెనక నిలబడ్డాడు. నా కుడి చేతిని తీసి తాడు మీద ఒక చోట పెట్టాడు, ఎడమ చేతిని గుంజకు ఆనించాడు. నా చేతుల మీద తన చేతులు వేసి ఒకసారి వదిలాడు, ఒకసారి లాగాడు.

"ఇట్టా," అన్నాడు.

ఆ ఒక్క మాటే. వల తిన్నగా సాగడం మొదలైంది. ఆయన చేతులు తీసేశాక కూడా నాకు వచ్చేసింది.

ఏడాది పొడుగునా నేను ఆయనకు నాలుగు బంతులు అరిచి చెప్పాను. ఒక్కనాడూ ఆయన చెయ్యి పట్టుకుని కర్రి నోటి దగ్గరికి తీసుకుపోయి, వెనక దంతాల అవతల ఊపిరి పోయే దారి ఇదీ అని తడిమించలేదు. నిమిషం పట్టేది కాదు. ఆయనకు చెబుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి కాలు లాక్కుంటూ పోతున్నాడు, కర్రి పక్కనే ఈదుతోంది. నేను తాడు లాగుతూ నిలబడ్డాను.